కుక్కర్‌లో అన్నీ ఒకేసారి వేసి బెల్లం పులుసన్నం పెట్టా, పప్పు ఉడకలేదు, ఎక్కడ తేడా కొట్టిందో చెప్పండి

కరివేపాకు_రెమ్మ | మంగళవారం రాత్రి 10:12

అందరికీ నమస్తే అండి. ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ కడుపు మండి రాస్తున్నా, నిజంగానే సగం ఆకలితో ఉన్నా. సాయంత్రం గ్యాస్ అయిపోయింది, రెండో సిలిండర్ ఇంకా రాలేదు, బయట ఒకటే వాన. ఇండక్షన్ స్టవ్ ఉంది కానీ దాని మీద పనికొచ్చే గిన్నె ఇంట్లో ఒక్కటే, స్టీల్ కుక్కర్. మిగతావన్నీ అల్యూమినియం, పెడితే కుయ్ కుయ్ మని అరిచి ఆగిపోతుంది. ఫ్రిజ్‌లో చూస్తే ఒక తియ్య గుమ్మడికాయ చెక్క, రెండు చిలగడదుంపలు, ఒక ములక్కాడ. సరే అన్నం వేరుగా పులుసు వేరుగా ఎందుకు, మా అమ్మ చేసే గుమ్మడికాయ పులుసునే అన్నంతో కలిపి ఒకేసారి పడేద్దాం అనుకున్నా.

గ్లాసు బియ్యం, అర గ్లాసు కందిపప్పు, ముక్కలు, నాలుగు పచ్చిమిరపకాయలు, నిమ్మకాయంత చింతపండు పిసికిన రసం, గుప్పెడు బెల్లం, ఉప్పు, పసుపు, నీళ్ళు నాలుగున్నర గ్లాసులు. అన్నీ ఒకేసారి వేసి ఐదు విజిల్స్ రానిచ్చా. మూత తీస్తే పైన నీళ్ళు, మధ్యలో పలుకు పలుకుగా బియ్యం, కందిపప్పు వేసినట్టే గింజ గింజగా ఉంది, అడుగు మాత్రం నల్లగా మాడింది. మా వారిది జనగామ, ఒక ముద్ద తిని "ఇది అన్నమా పాయసమా" అని ఆవకాయ సీసా తెచ్చుకున్నారు. మా పాప గుమ్మడి ముక్కలేరుకుని తినేసింది. ఐదు విజిల్స్‌కి కూడా పప్పు ఉడక్కపోవడం ఏంటండి? పప్పు పాతదా?

మూకుడు_మావయ్య | రాత్రి 10:20

చింతపండు ముందే పోశావు కదమ్మా. ఐదు కాదు పదిహేను విజిల్స్ పెట్టినా అంతే. పప్పు తప్పేం లేదు.

ఓరుగల్లు_ఓంకార్ | రాత్రి 10:24

అక్కా బావ అన్నదాంట్ల తప్పేముంది 😀 పులుసుల బెల్లం ఏందక్కా. పులుసంటే పుల్లగుండాలె, కారం ఉండాలె. మీ దిక్కు పెండ్లిళ్ళకి పోతే సాంబార్ గూడ తియ్యగ పెడ్తరు, నాకైతే నోట్లకి పోదు.

గోదారి_గట్టు | రాత్రి 10:31

ఇదిగో మొదలెట్టారు. బెల్లం లేకుండా గుమ్మడికాయ పులుసు ఎలా పెడతారయ్యా. మా ఇంట్లో సంక్రాంతికి పెట్టే ముక్కల పులుసులో గుమ్మడికాయ, చిలగడదుంప, ఆనపకాయ, ములక్కాడ, బెండకాయ, వంకాయ, అన్నీ పడాల్సిందే, చివర్లో బెల్లం ముక్క పడాల్సిందే. తియ్యగా ఉండాలని కాదు, పులుపు గొంతు పట్టకుండా ఉండాలని.

రెమ్మ గారూ, గుప్పెడు బెల్లం మాత్రం ఎక్కువేనండోయ్. గుమ్మడీ చిలగడదుంపా రెండూ ఉన్నప్పుడు వాటి తీపే సగం వస్తుంది. ఆ లెక్కకి నిమ్మకాయలో సగమంత బెల్లం చాలు. అదీ రుచి చూసి.

పాత_బ్యూరెట్ | రాత్రి 10:48

రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్‌ని, ఇలాంటి ప్రశ్న వస్తే చెయ్యి ఆగదు, పొడుగైతే క్షమించండి.

గింజలోనైనా కూరగాయ ముక్కలోనైనా కణాలు ఒకదానికొకటి అంటుకుని ఉండటానికి పెక్టిన్ అనే జిగురు లాంటి పదార్థం ఉంటుంది. ఉడకడం అంటే చాలావరకు ఆ జిగురు కరిగి విడిపోవడమే. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, పులుపు నీళ్ళలో ఆ జిగురు అంత తేలిగ్గా కరగదు. అందుకే పులుసులో పచ్చి బెండకాయ ముక్క ఎంతసేపు మరిగినా చెదిరిపోకుండా నిలబడుతుంది, అక్కడ మనకి కావలసింది అదే. పప్పు దగ్గరకొచ్చేసరికి అదే గుణం మన కొంప ముంచుతుంది.

ఇక బెల్లం. చెరకు రసం కాచేటప్పుడు మడ్డి విరిగి పైకి తేలడానికి సున్నం వేస్తారు, కొన్నిచోట్ల బెండ మొక్క జిగురు కూడా వాడతారు. దాంతో బెల్లంలో కాల్షియం ఉంటుంది, కాల్షియం పెక్టిన్‌ని ఇంకా బిగదీస్తుంది. అంటే మీరు పప్పుకి రెండు తాళాలు వేసి ఉడకమన్నారు. కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది నిజమే, ఐనా ఇంత పులుపూ తీపీ కలిస్తే అదీ చాలదు.

అడుగు మాడటానికి కారణం వేరు. ఇండక్షన్ మీద వేడంతా గిన్నె అడుగునే పుడుతుంది. బెల్లం నీళ్ళు చిక్కగా అడుక్కి దిగుతాయి, బియ్యం గంజి వాటితో కలుస్తుంది, కలిపే దిక్కు లేదు, మూత బిగించి ఉంది. మాడక ఏం చేస్తుంది.

కరివేపాకు_రెమ్మ | రాత్రి 10:55

సార్ మీరు మా కాలేజీలో ఉండి ఉంటే నేను కెమిస్ట్రీలో పాసయ్యేదాన్ని. అయితే ఒక డౌటు, మామిడికాయ పప్పు, టమాటా పప్పు ఒకేసారే పెడతాం కదా, అవెందుకు ఉడుకుతున్నాయి?

పాత_బ్యూరెట్ | రాత్రి 11:03

టమాటాకి ఉన్న పులుపు చింతపండు ముందు ఎంతమ్మా. పుల్లమామిడికాయ ఎక్కువ వేసి చూడండి, పప్పు మెత్తబడక సతాయిస్తుంది, అందుకే తెలిసినవాళ్ళు మామిడి ముక్కల్ని కుక్కర్‌లోనే చిన్న గిన్నెలో విడిగా పెట్టి తర్వాత కలుపుతారు.

మూకుడు_మావయ్య | రాత్రి 11:05

మా ఆవిడ నలభై ఏళ్ళ నుంచి ఆ చిన్న గిన్నె పెడుతోంది. ఎందుకే అంటే "మా అమ్మ పెట్టేది" అంటుంది. ఇవాళ కారణం తెలిసింది.

చిట్టిపొట్టి_చెఫ్ | రాత్రి 11:20

చిటికెడు వంటసోడా వేస్తే పప్పు ఐదు నిమిషాల్లో మెత్తబడుతుంది, ట్రై చెయ్యండి

గోదారి_గట్టు | రాత్రి 11:24

చింతపండు పులుసులో సోడానా! నురగొచ్చి వెయిట్‌లోంచి బయటికొస్తుంది, పులుపు చచ్చిపోతుంది, తినేటప్పుడు సబ్బు వాసన. ఆ సలహా వెనక్కి తీసుకో బాబూ.

చిట్టిపొట్టి_చెఫ్ | రాత్రి 11:25

తీసుకున్నా 🙏

సూరత్_సాంచా | బుధవారం ఉదయం 6:40

ఓంకార్ తమ్మీ, నువ్వు తెలంగాణోళ్ళందరి తరఫున మాట్లాడకు. మాది సిరిసిల్ల దిక్కు, పద్మశాలీలం, మా నాయిన సాంచల (మరమగ్గాల) పనికి సూరత్ అచ్చిండు, నేను ఈన్నే పుట్టి పెరిగిన. ఈడ పప్పుల బెల్లం వెయ్యకుంటే అది పప్పే కాదు. చిన్నప్పుడు మా పక్కింటి గుజరాతీ ఆంటీ దాల్ ఢోక్లీ పెడ్తుండె, అది మీరనే ఒక్క గిన్నె వంటనే, రెమ్మక్కా మీకు మస్తు పనికొస్తది ఇను.

కందిపప్పు మెత్తగ ఉడకవెట్టి గిలకొట్టి నీళ్ళు పోసి పల్చగ చెయ్యాలె. పల్లీలు గుప్పెడు, పసుపు, కారం, అల్లం, జరంత బెల్లం, పులుపుకి కోకం (ఎండవెట్టిన పుల్లటి పండు తొక్క), లేకుంటే ఆఖరుకి నిమ్మరసం. గోధుమపిండిల వాము, కారం, పసుపు, ఉప్పు, చెంచెడు నూనె ఏసి గట్టిగ తడిపి, చపాతి తీర్గ పల్చగ ఒత్తి, శంకరపోలీల లెక్క కత్తితోని డైమండ్ ముక్కలు కొయ్యాలె. మరుగుతున్న పప్పుల ఒక్కొక్కటి ఇడువాలె. ఒక్కటేసారి కుప్పవోస్తే అంటుకుంటయి, నేను మొదటిసారి అట్లనే జేసి ఒక పెద్ద ముద్ద తిన్న. పది పన్నెండు నిమిషాలు ఉడికితే ముక్క మెత్తగయితది, పప్పు చిక్కవడ్తది. మీదికెల్లి నెయ్యి.

మా అమ్మ దాన్ని మన తీర్గ మార్చింది, కోకం బదులు చింతపండు, ఎల్లిపాయ పోపు, కారం డబల్. గుజరాతీ ఆంటీ అది తిని కండ్లల నీళ్ళు పెట్టుకున్నది, కారానికి.

ఓరుగల్లు_ఓంకార్ | ఉదయం 8:15

అన్నా నీ దాల్ ఢోక్లీ ఇంటుంటే ఆకలైతాంది గని, అది గుజరాత్‌ది. మన తానికి రా. మన ఇండ్లల్ల పులుసుల బెల్లం ఎవలేస్తరు చెప్పు.

సూరత్_సాంచా | ఉదయం 8:22

ఉగాదికి మీ ఇంట్ల బచ్చాలు (బొబ్బట్లు) జేస్తరా చెయ్యరా?

ఓరుగల్లు_ఓంకార్ | ఉదయం 8:23

జేస్తరు

సూరత్_సాంచా | ఉదయం 8:23

ఆ శెనగపప్పు ఉడికిన కట్టు ఏం జేస్తరు?

ఓరుగల్లు_ఓంకార్ | ఉదయం 8:31

చారు పెడ్తరు. కట్టు చారు.

అండ్ల మా నానమ్మ ఇంత పూర్ణం గూడ కలుపుతది. సరే అన్నా. నా నోరు మూసినవ్.

కరివేపాకు_రెమ్మ | ఉదయం 8:40

అయ్య బాబోయ్! మా అత్తయ్య గారు కూడా ఉగాదికి అచ్చం ఇదే చేస్తారు, మా వారు గిన్నె గిన్నె తాగుతారు. ఇప్పుడే చదివి వినిపించా. "అది చారు, ఇది వేరు" అన్నారు. ఏం వేరో అడిగితే ఆఫీసుకి టైమైందని వెళ్ళిపోయారు.

సీమ_శెనక్కాయ | ఉదయం 9:10

మాది అనంతపురం. మా పక్క ఓళిగలు (బొబ్బట్లే) చేసిన దినం ఓళిగ చారు లేకపోతే పండగే కాదు. పప్పు వార్చిన నీళ్ళల్లో చింతపండు, కారంపొడి, ధనియాలు, ఎండుకొబ్బరి నూరిన మసాలా, దాంట్లో నిమ్మకాయంత పూర్ణం ఉండ కరిగించి మరగబెట్టేది. మొదటి రోజు కంటే రెండో రోజు ఇంకా బాగుంటాది. కారం గట్టిగా తగలాల, యాడో అడుగున తీపి తెలీనట్టు ఉండాల. రెమ్మక్కా మీరు ఇంకోటి గమనించినట్టు లేదు, బెల్లం పడినప్పుడు ఉప్పూ కారం మామూలు లెక్క వేస్తే చాలవు. రెండూ ఒక పిసరు పెంచాల. లేకపోతే మీ ఆయన అన్నట్టు పాయసమే అవుతుంది.

గెణుసుగడ్డ (మీరు చిలగడదుంప అంటారే) తొక్క తీయకుండా పెద్ద చక్రాలు కోసి వేయండి. సన్నగా కోస్తే అన్నంలో కలిసిపోయి కనపడదు.

సూరత్_సాంచా | ఉదయం 9:18

మా దిక్కు దాన్ని కందగడ్డ అంటరు.

గోదారి_గట్టు | ఉదయం 9:20

కంద అంటే మాకు వేరే దుంప. కంద బచ్చలి కూర కంద. బెల్లం అయింది, ఇప్పుడు దుంపల గొడవ పెట్టకండి.

అనకాపల్లి_అచ్చు | ఉదయం 10:02

బెల్లం పేరెత్తారు గనక మా ఊరోడు ఒకడు మాట్లాడాలి కదా. బెల్లం కొన్నప్పుడు బంగారంలా పసుపుగా మెరిసిపోతుంటే వద్దు, రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం వేసిందై ఉంటాది. కాస్త మట్టి రంగులో, ముదురుగా ఉన్నది పులుసుకి బాగుంటాది. ఇంకో ముక్క, బెల్లం గడ్డ తెచ్చి తిన్నగా కుక్కర్‌లో పడెయ్యకండి. పావు గ్లాసు వేడి నీళ్ళలో కరిగించి వడకట్టి పొయ్యండి. ఇసక, చెరకు పిప్పి ఎంత దిగుతాయో మీరే చూడండి. పులుసులో ఇసక పంటికి తగిలిందంటే ఆ పూట భోజనం అయిపోయినట్టే.

డాలస్_దోసకాయ | ఉదయం 11:30

ఇక్కడ రాత్రి పన్నెండు దాటింది, నిద్ర రాక ఇది చదువుతూ కూర్చున్నా, ఇప్పుడు ఆకలేస్తోంది. నేను ఇదే వంట ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్‌లో నాలుగైదు సార్లు చేశాను, మొదటి రెండు సార్లు అడుగంటిందని బీప్ కొట్టి దానంతటదే ఆగిపోయింది. తర్వాత కనిపెట్టిన కిటుకు: పోపు వేయించాక అడుక్కి అంటుకున్నదంతా కాసిని నీళ్ళు పోసి గరిటెతో గీకేయాలి, ఆ తర్వాత పప్పు, దాని మీద ముక్కలు, అన్నిటికంటే పైన బియ్యం, నీళ్ళు మెల్లిగా పోసి కలపకుండా మూత పెట్టాలి. పులుపు తీపి రెండూ మూత తీశాకే.

మన గుమ్మడికాయ దొరకనప్పుడు బటర్‌నట్ స్క్వాష్ వాడతా, ఇంకాస్త తియ్యగా ఉంటుంది కాబట్టి బెల్లం సగానికి తగ్గిస్తా. ఒకసారి ఇంట్లో బెల్లం నిండుకుంటే మెక్సికన్ కొట్లో పిలొన్సియో అని గోపురంలా పోతపోసిన చెరకు బెల్లం దొరికింది, అచ్చం మన అచ్చు బెల్లమే. మా అత్తగారు తిని ఇది ఏ ఊరి బెల్లం అన్నారు.

మూకుడు_మావయ్య | మధ్యాహ్నం 12:15

మీ కుక్కర్లూ బీప్‌లూ నాకు తెలీదు గానీ, మా ఇంట్లో పులుసుకి రాచ్చిప్ప, అదే రాతి గిన్నె, ఉండేది. చింతపండు పులుసు ఇత్తడి గిన్నెలో కళాయి లేకుండా పెడితే చిలుము, అల్యూమినియంలో పెడితే గిన్నె లోపల తెల్లగా తేలిపోయేది, ఆ తేలిందంతా మన పొట్టలోకే. రాతికి పులుపు అంటదు. పొయ్యి మీంచి దించి అటకెదురుగా పెట్టినా పావుగంట సేపు తుక తుక ఉడుకుతూనే ఉండేది, ఆ వేడికే బెల్లం కరిగేది, అందుకే మా అమ్మ దించాకే వేసేది. అటక అంటే గుర్తొచ్చింది, గుమ్మడికాయలు అక్కడే వరసగా ఉండేవి, కోసిన వెంటనే తినేవాళ్ళం కాదు. నెలా రెండు నెలలు నిలవుంటే తీపెక్కేవి. ఇప్పుడు కొట్లో చెక్క కోసి ప్లాస్టిక్ చుట్టి అమ్మేదానికి ఆ తీపి ఎక్కడిది.

ఆ రాచ్చిప్ప మా చిన్నాడి పెళ్ళి హడావిడిలో పగిలింది. ఎవరు పగలగొట్టారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు.

పాత_బ్యూరెట్ | మధ్యాహ్నం 12:40

నిలవుంచితే తీపెక్కడం నిజమే. కాయలోని పిండి పదార్థం నెమ్మదిగా చక్కెరగా మారుతుంది. చిలగడదుంపలో ఐతే ఆ పని ఉడికేటప్పుడు కూడా జరుగుతుంది, సన్న సెగ మీద మెల్లగా వేడెక్కితే ఇంకా ఎక్కువ. కుక్కర్‌లో గబుక్కున ఉడికిన దుంప కంటే కుంపట్లో బూడిదలో కాల్చిన దుంప తియ్యగా ఉండేది అందుకే.

కరివేపాకు_రెమ్మ | బుధవారం రాత్రి 9:50

గ్యాస్ ఇవాళా రాలేదు 😑 సరే మళ్ళీ అదే వంట, అదే కుక్కర్. మొత్తం ఎలా చేశానో రాస్తున్నా, తప్పులుంటే చెప్పండి.

కందిపప్పు అర గ్లాసు గంట నానబెట్టా, దాంతో పాటే గుప్పెడు పల్లీలు కూడా (సూరత్ అన్నయ్య చలవ). కుక్కర్‌లో రెండు చెంచాల నూనె, ఆవాలు, మెంతులు పావు చెంచా, జీలకర్ర, మూడు ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. మెంతులు ఎర్రబడే దాకా ఆగా, నల్లబడితే చేదని అమ్మ ఎప్పుడూ తిడుతుంది. సాంబారు ఉల్లిపాయలు ఎనిమిది వేసి, కొంచెం నీళ్ళు పోసి అడుగు గీకేశా. పప్పు, పల్లీలు, పసుపు. దాని మీద చిలగడదుంప చక్రాలు, ములక్కాడ. పైన గ్లాసు బియ్యం, నాలుగున్నర గ్లాసుల నీళ్ళు, సగం ఉప్పు. ఇండక్షన్ మామూలుగా 1600 వాట్ల మీద పెడతా, ఈసారి విజిల్ మొదలవగానే 800కి తగ్గించా. నాలుగు విజిల్స్, ఆవిరి దానంతటదే దిగే దాకా ముట్టుకోలేదు.

గుమ్మడికాయ మాత్రం ఇందాక వెయ్యలేదు, నిన్న ఐతే పులుపు పుణ్యమా అని ముక్క నిలబడింది, ఇవాళ పులుపు లేకుండా నాలుగు విజిల్స్‌కి గుజ్జయిపోతుందని భయం. మూత తీశాక చింతపండు రసం, కారం చెంచాన్నర, మిగతా ఉప్పు, గుమ్మడి పెద్ద ముక్కలు వేసి మూత బిగించకుండా అలా పైన పెట్టి పది నిమిషాలు ఉడికించా, మధ్యమధ్యలో అడుగు నుంచి కలుపుతూ. ఆఖర్న కరిగించి వడకట్టిన బెల్లం నీళ్ళు. గరిటె గరిటెకీ రుచి చూశా. మొదటి గరిటెకి పులుపే, రెండో గరిటెకి పులుపు తగ్గింది కానీ తీపి తెలియట్లేదు, మూడో దానికి సరిగ్గా అమ్మ పులుసు వాసనొచ్చింది, అక్కడే ఆపేశా. గిన్నెలో ఇంకా సగం బెల్లం నీళ్ళు మిగిలాయి, అంటే నిన్న ఎంత వేశానో చూడండి. అడుగున ఇసక కూడా ఉందండోయ్ అనకాపల్లి గారూ, చిటికెడు కంటే ఎక్కువే.

పైన నెయ్యి, పక్కన చల్ల మిరపకాయలు. అవి మాత్రం పక్కింటి ఆంటీ వాళ్ళ గ్యాస్ మీద వేయించుకొచ్చా, మోసమే, ఒప్పుకుంటున్నా.

గోదారి_గట్టు | రాత్రి 9:58

బాగుందమ్మా. కాసేపాగితే గట్టిపడి ముద్దవుతుంది, వడ్డించే ముందు అర గ్లాసు వేడినీళ్ళు పోసి కలుపు. మా ఇంట్లో పులుసు చిక్కబడటానికి బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోస్తాం, నీకు బియ్యమే ఉన్నాయి కనక ఆ పని తప్పింది.

ఓరుగల్లు_ఓంకార్ | రాత్రి 10:01

అసలు ముచ్చట చెప్పక్కా. బావ తిన్నడా?

కరివేపాకు_రెమ్మ | రాత్రి 10:09

రెండుసార్లు పెట్టించుకున్నారు. బాగుందా అంటే "కారం సరిపోయింది" అన్నారు, అంతే, బెల్లం మాట ఎత్తలేదు. ఆవకాయ సీసా మాత్రం టేబుల్ మీదే పెట్టుకున్నారు, మూత తియ్యలేదు. పాప ఈసారి గుమ్మడి ముక్కలతో పాటు పల్లీలు కూడా ఏరుకుంది, అన్నం నాకొదిలేసింది.

ఓరుగల్లు_ఓంకార్ | రాత్రి 10:11

మూత తియ్యలేదంటే నచ్చినట్టే అక్కా. మేం గంతకంటె ఎక్కువ చెప్పం.

సీమ_శెనక్కాయ | రాత్రి 10:15

మిగిలింటే ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దున కొంచెం నీళ్ళు చల్లి వేడి చేసుకుని తినండి. నేను చెప్పింటిని కదా, రెండో రోజుది వేరే రుచి.

కరివేపాకు_రెమ్మ | రాత్రి 10:17

మిగల్లేదండి 🙂

డాలస్_దోసకాయ | రాత్రి 10:30

అండి, మీ కుక్కర్ ఎన్ని లీటర్లు? నాది మూడు, గ్లాసు బియ్యానికి ఇన్ని ముక్కలు పడితే పొంగుతుందేమో అని.

కరివేపాకు_రెమ్మ | రాత్రి 10:34

ఐదు లీటర్లండి. మూడైతే కొలతలన్నీ సగం చేసుకోండి, సగానికి మించి నింపకండి, పప్పు నురగ వెయిట్‌లోకి ఎక్కుతుంది.